పవిత్ర యోధుల సంఘం మీద ఫాంటసీ నవల రాస్తున్నాను. ఒక్కో కోటలో ఎంతమంది యోధుల్ని పెడితే నమ్మేలా ఉంటుంది?

ప్రశ్న కింద మీరిచ్చిన వివరాలు చదివాను. కొండమీద కోట, లోపల పదివేల మంది బ్రహ్మచారి యోధులు, చుట్టూ వాళ్ల ఏలుబడిలో ఉన్న నేల. కోట బాగుంది, నేల బాగుంది. పదివేలే కుదరదు. యాభై చాలు.

వెటకారం కాదండి. ఇప్పటి ఇజ్రాయెల్ ఉత్తరాన గలిలీ కొండల్లో సఫద్ అని టెంప్లర్ల కోట ఒకటి ఉండేది. టెంప్లర్లంటే సన్యాసుల్లా బతుకుతూ యుద్ధం చేసిన క్రైస్తవ సంఘం. 1240లో దాన్ని తిరిగి కట్టడం మొదలుపెట్టారు. ఇక్కడ ఓరుగల్లును గణపతిదేవుడు ఏలుతున్న రోజులవి. ఆ కట్టుబడి గురించి లాటిన్‌లో రాసిన చిన్న పత్రం ఒకటి మిగిలింది. కోట గొప్ప చెప్పడానికే రాశారు కాబట్టి అంకెలు కాస్త పెంచే ఉంటారు. అయినా మీ పనికి అంతకన్నా మంచి జాబితా దొరకదు.

అందులో లెక్క ఇలా ఉంది. నైట్లు, అంటే సంఘంలో పై హోదా గుర్రపు యోధులు, 50 మంది. వాళ్ల కింద సార్జెంట్లు 30. టర్కోపోల్స్, అంటే అక్కడి వాళ్లలోంచే చేర్చుకున్న తేలికపాటి రౌతులు, 50. క్రాస్‌బో, అంటే మీట నొక్కి బాణం వదిలే అడ్డవిల్లు, పట్టేవాళ్లు 300. పనివాళ్లూ నౌకర్లూ కలిపి 820. బానిసలు 400. కూడితే 1,650. ఇందులో సన్యాసం పుచ్చుకుని కత్తి పట్టినవాళ్లు మొదటి రెండు రకాలే, 80 మంది. ఇరవై మందికి ఒకడు కూడా పడడు. మిగతా అంతా జీతానికో, భయానికో, బతుకుతెరువుకో ఉన్నవాళ్లు.

మామూలు రోజుల్లో 1,700 మందికి వండాలి, యుద్ధమొస్తే 2,200 మందికి. ఏడాదికి 12,000 కంచరగాడిదల మోత గోధుమలూ బార్లీ పట్టేవట. అంటే రోజుకు 33 మోతలు కోట గుమ్మం దాటాలి. అంత బార్లీ ఎందుకంటే గుర్రాలకు. టెంప్లర్ల నియమావళిలో నైటుకు మూడు గుర్రాలు, సార్జెంటుకు ఒకటి. టర్కోపోల్‌కి ఒక్కటే వేసుకున్నా 230 గుర్రాలు తేలతాయి, మోత పశువులు కాక. మన ఫాంటసీల్లో గుర్రం అంటే మోటార్ సైకిలే, ఎక్కడం దిగడం. దాణా పెట్టేవాడు, నాడాలు కొట్టేవాడు, పేడ ఎత్తేవాడు ఒక్కడూ కనపడడు. ఆ 820 మంది వాళ్లే మరి. మీ పదివేల మందికి ఇదే లెక్క కడితే కొండ చుట్టూ గడ్డిపోచ మిగలదు.

నీళ్ల సంగతి మీరు అసలు రాయనే లేదు. సఫద్‌లో మొదట నీళ్లు దూరం నుంచి పశువుల మీద మోయించారు. తర్వాత కోట ఆవరణలోనే పూడుకుపోయిన పాత బావి బయటపడింది. కొండ కోట రాసేటప్పుడు బురుజు కన్నా ముందు బావి గీయండి.

ఇక డబ్బు. మొదటి రెండున్నరేళ్లలోనే, కోట ఆదాయం పోను, 11 లక్షల బెజంట్లు, అంటే బంగారు నాణేలు, ఖర్చయ్యాయని పత్రం చెబుతుంది. ఆ తర్వాత ఏటా 40,000. కోట కింద 260కి పైగా ఊళ్లున్నా చాలలేదన్నమాట. లోటు పూడ్చింది సముద్రం అవతల యూరప్‌లోని ఆస్తులు: పొలాలు, తిరగళ్లు, ద్రాక్షతోటలు. హాస్పిటలర్లు అనే ఇంకో సంఘమైతే యూరప్‌లోని ప్రతి ఎస్టేటూ రాబడిలో మూడో వంతు పంపాలని లెక్క పెట్టుకుంది. మనుషులూ అక్కణ్నుంచే రావాలి, బ్రహ్మచారులకు వారసులుండరు కదా. ఒక నైటు చస్తే ఇంకొకడు ఓడెక్కి రావాలి. మీ మ్యాపులో అన్నీ కోటలే ఉన్నాయి. ఈ సంఘాన్ని పోషించే నేల, గోడలూ గొడవా లేని నేల, ఎక్కడో దూరంగా ఒకటి గీయకపోతే కథ రెండో ఏడాదికే జీతాలు ఆగిపోతాయి.

ముట్టడి ఘట్టానికి మీరు సొరంగం, ద్రోహి సేనాని అని రాసుకున్నారు. సఫద్ ఎలా పడిందో చూడండి. 1266లో ఈజిప్టు ఏలే మమ్లూక్ సుల్తాను బైబర్స్ చుట్టుముట్టాడు. నేరుగా మీద పడితే గోడ లొంగలేదు, మనుషులు పోయారు. అప్పుడు చాటింపు వేయించాడు: లోపలున్న సిరియా సిపాయిలు, అంటే జీతానికి చేరిన అక్కడివాళ్లు, బయటికొస్తే ప్రాణాలకు పూచీ నాది. నైట్లకు కాదు, వాళ్లకు మాత్రమే. అంతే, గోడ మీద పక్కపక్కన నిలబడ్డవాళ్లు ఒకర్నొకరు అనుమానంగా చూసుకోవడం మొదలైంది. ఆ పత్రం లెక్కనే పట్టుకుంటే గోడ కాసే విలుకాళ్లు 300, వాళ్ల మీద నిఘా పెట్టడానికి ఉన్నది 80 మంది. చివరికి టెంప్లర్లు అరబ్బీ వచ్చిన ఒక సిరియా సార్జెంటును రాయబారానికి పంపారు. క్రైస్తవుల చేతిలో ఉన్న రేవు పట్నం అక్రా దాకా క్షేమంగా పోనిస్తామని మాట తెచ్చాడతను. తలుపులు తీసి బయటికొచ్చారు. వచ్చినవాళ్లలో దాదాపు అందరి తలలూ తీయించాడు బైబర్స్. ఆయుధాలు దాచి తీసుకుపోతూ వాళ్లే మాట తప్పారని సుల్తాను పక్షం చరిత్రకారులు, పచ్చి మోసమని క్రైస్తవుల పక్షం. కోటను మాత్రం కూల్చలేదు, బాగుచేయించి తనే వాడుకున్నాడు. మీ ద్రోహి సేనానిని తీసేయండి, జీతగాళ్ల భోజనాల సాల రాయండి.

క్రమశిక్షణ విషయంలో మీరు అడగలేదు గానీ చెబుతాను, ఇక్కడ కావలసినంత కథ ఉంది. టెంప్లర్ల నలుపు తెలుపుల జెండా నిలిచి ఉన్నంతసేపు రంగం వదిలినవాణ్ని సంఘం నుంచే వెళ్లగొట్టేవారు. అందుకే జెండా చుట్టూ పదిమంది దాకా నైట్లు, వాళ్లలో ఒకడి బల్లేనికి చుట్టిపెట్టిన ఇంకో జెండా. మొదటిది పడితే అది విప్పాలి. అనుమతి లేకుండా గుర్రం ఉరికించినవాడి అంగీ ఊడబీకేవారు. అంగీ పోయినవాడు ఏడాది మీద ఒక రోజు దాకా నేల మీద కూర్చుని తినాల్సి వచ్చేది, బానిసలతో కలిసి పని చేస్తూ.

అన్నట్టు, తెల్ల అంగీ నైట్లకే. సార్జెంట్లకు నల్లదో గోధుమరంగుదో. కవర్ బొమ్మ వేసేవాళ్లకు ఈ ముక్క ముందే చెప్పండి, లేకపోతే గోడ నిండా తెల్లబట్టలే గీసిస్తారు.