పీఎస్5 ఆట రికార్డు చేయడానికి కొత్త పీసీ కొనాలా?

ప్రశ్న: ప్లేస్టేషన్ 5 (పీఎస్5) గేమ్ కన్సోల్‌లో ఆడుతూ తెలుగులో వ్యాఖ్యానం చెప్పి వీడియోలు చేయాలని ఉంది. ల్యాప్‌టాప్ హెచ్‌డీఎంఐ పోర్టుకు పీఎస్5 కేబుల్ పెడితే ఏమీ రావడం లేదు. షాపులో అడిగితే గ్రాఫిక్స్ కార్డున్న పీసీ కట్టించుకోమన్నారు. నిజంగా అవసరమా?
– ఒక డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

జవాబు: అవసరం లేదు, ఆ డబ్బు ఖర్చు పెట్టకండి. మీ ల్యాప్‌టాప్ పాడవలేదు. దాదాపు అన్ని ల్యాప్‌టాప్‌లలో హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మను బయటికి పంపడానికే ఉంటుంది, లోపలికి తీసుకోదు. ఎన్ని కేబుళ్లు మార్చినా అంతే. లోపలికి తెచ్చేది క్యాప్చర్ కార్డు, అంటే హెచ్‌డీఎంఐ బొమ్మను తీసుకుని యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కు పంపే చిన్న పరికరం.

ఆటను నడిపే బరువంతా పీఎస్5దే. వచ్చిన వీడియోను కుదించి డిస్కులో రాయడమే కంప్యూటర్ పని. దానికోసం ఇంటెల్ ప్రాసెసర్లలో చాలావాటికి క్విక్ సింక్ అనే ప్రత్యేక భాగం ఉంటుంది. ఓబీఎస్ స్టూడియో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌కోడర్‌గా (వీడియోను కుదించే భాగంగా) దాన్ని ఎంచుకుంటే 1080పీ, 60 ఫ్రేముల రికార్డింగుకు మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుంది.

జాగ్రత్త పడాల్సింది కార్డు దగ్గర. చవక కార్డుల డబ్బా మీద '4కే' అని పెద్దగా ఉంటుంది. చాలాసార్లు అది కార్డు తీసుకోగల సిగ్నల్ మాత్రమే, రికార్డయ్యేది కాదు. కుదించని 1080పీ 60 ఫ్రేముల వీడియోకు సెకనుకు సుమారు 2 గిగాబిట్లు కావాలి. యూఎస్‌బీ 2.0 గరిష్ఠ వేగం 480 మెగాబిట్లే. అందుకే ఆ కార్డులు బొమ్మను ముందే గట్టిగా నొక్కేసి పంపుతాయి, లేదా 30 ఫ్రేములకు దిగిపోతాయి. కారు రేసుల్లాంటి వేగమైన ఆటల్లో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. యూఎస్‌బీ 3.0 కార్డే తీసుకోండి, ల్యాప్‌టాప్‌లో ఆ పోర్టుకే పెట్టండి.

కార్డుకు పాస్‌త్రూ ఉండడం కూడా ముఖ్యం. అంటే పీఎస్5 నుంచి కార్డుకు ఒక కేబుల్, అక్కడి నుంచి టీవీకి ఇంకో కేబుల్. మీరు టీవీ చూస్తూ ఆడాలి. ఓబీఎస్‌లో బొమ్మ కాస్త ఆలస్యంగా వస్తుంది, దాన్ని చూస్తూ ఆడితే గురి తప్పుతుంది.

అన్నీ కలిపాక కూడా నల్లటి తెరే వస్తే టెన్షన్ పడకండి. పీఎస్5 సెట్టింగ్స్‌లో సిస్టమ్, హెచ్‌డీఎంఐలోకి వెళ్లి హెచ్‌డీసీపీని (కాపీ కాకుండా అడ్డుకునే రక్షణను) ఆఫ్ చేయండి. అది ఆఫ్‌లో ఉన్నప్పుడు వీడియో యాప్‌లు నడవవు, సినిమా చూడాలంటే మళ్లీ ఆన్ చేసుకోవాలి. రంగులు వెలిసిపోయినట్టుంటే హెచ్‌డీఆర్ (వెలుగునీడలను, రంగులను పెంచి చూపే సెట్టింగ్) కూడా ఆఫ్ చేయండి.

డిస్కు లెక్క ముందే చూసుకోండి. రికార్డింగు బిట్‌రేటు సెకనుకు 20 మెగాబిట్లు పెడితే గంటకు సుమారు 9 జీబీ అవుతుంది. మధ్యలో ల్యాప్‌టాప్ హ్యాంగైతే మామూలు ఎంపీ4 ఫైలు మొత్తం పోవచ్చు, ఎంకేవీ అనే ఇంకో ఫైలు రకంలో అయితే అప్పటిదాకా రికార్డయింది మిగులుతుంది. తర్వాత ఓబీఎస్ ఫైల్ మెనూలోని రీమక్స్‌తో ఎంపీ4గా మార్చుకోండి.

కార్డు ఇప్పుడే కొనలేకపోతే ఆగిపోకండి. పీఎస్5 కంట్రోలర్‌లోని క్రియేట్ బటన్‌తో ఒకేసారి గంట వరకు రికార్డు చేయొచ్చు. ఆ వీడియోను పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని, మీ వ్యాఖ్యానాన్ని ఫోన్‌లో రికార్డు చేసి, ఎడిటింగ్‌లో రెండూ కలపండి. మొదటి నాలుగైదు వీడియోలు ఇలాగే చేసి చూడండి.