కోళ్ల గూట్లో చెట్టు కొమ్మ పెట్టొచ్చా? పెట్టండి, బెరడు ఒలిచాకే

గూట్లో కోళ్లు ఎక్కి పడుకోవడానికి మామూలు చెట్టు కొమ్మ సరిపోతుందా, కర్ర కొనాలా అని అడిగారు. కర్రని కొనడమేంటండీ! కరెంటు తీగలకు తగులుతున్నాయని వీధిలో వేప కొమ్మలు కొట్టి పడేస్తారు కదా, ఆ రోజు కాస్త పెందలాడే లేస్తే చాలు. కాకపోతే బెరడు మాత్రం ఒలవండి. ఒక ఎండాకాలమంతా గుడ్లు పోగొట్టుకుని నేర్చుకున్నాను ఈ సంగతి.

మాది గుంటూరు వైపు పల్లె. తొమ్మిది నాటుపెట్టలు, ఒక పుంజు. కొత్త గూడు కట్టినప్పుడు పొలం గట్టు మీది తుమ్మ కొమ్మ తెచ్చి, ముళ్లు చెక్కేసి, అడ్డంగా బిగించా. గరుకు బెరడైతే గోళ్లకు పట్టు దొరుకుతుందని నా తెలివి. రెండు నెలలు బాగానే నడిచింది. తర్వాత పొద్దుగూకేసరికి పెట్టలు గూటి దాకా రావడం, మెడ చాచి లోపలికి ఒక చూపు చూడటం, వెనక్కి తిరిగి సపోటా చెట్టెక్కడం. ఒక్కోదాన్నీ దించి లోపలికి తోసేవాణ్ణి. రాత్రంతా సణుగుడే. గుడ్లు సగానికి పడిపోయాయి, పర్లపెట్ట తురాయి పాలిపోయింది. "అవి ఊరికే అలగవురా, లోపలేదో ఉంది. పగలు కాదు, రాత్రి చూడు" అంది మా నాయనమ్మ.

పామేమో అనుకుంటూ పదింటికి సెల్‌ఫోన్ లైటు వేసుకుని వెళ్లా. పాము లేదు. కొమ్మ అడుగున చెయ్యి పెట్టి తడిమితే ఇసుక కదిలినట్టయింది. వెలుతుర్లో చూస్తే అరచేతి నిండా గసగసాలంత పురుగులు, తాగిన రక్తంతో ఎర్రగా. నలిపితే వేలికి నెత్తురు మరక! పగలు అదే కొమ్మని పదిసార్లు చూశాను, ఒక్కటీ కనపడలేదు. బెరడు పగుళ్లలో దాక్కుని, కోళ్లు నిద్రపోయాక బయటికొచ్చి కాళ్ల మీదుగా పాకుతాయట.

తెల్లారగానే ఆ కొమ్మ నీళ్లపొయ్యిలోకి పోయింది. గూడంతా కడిగి సందుల్లోకి దిగేలా చిక్కటి సున్నం కొట్టా, వారం వారం మళ్లీ కొట్టా. తిండి లేకపోయినా నెలల తరబడి బతికే పురుగది, ఒక్కసారికి వదలదు. ఈసారి వేప కొమ్మే. కొడవలితో బెరడు తీసి, నాలుగు రోజులు ఎండబెట్టి, వేపనూనె రాసి పెట్టా. వేపకి మించిన చెక్క లేదని నాయనమ్మ నమ్మకం, ఇప్పుడు నాదీ అదే.

లావు మణికట్టంత, అంటే రెండంగుళాలు ఉండాలి. అప్పుడే కోడి పాదం పరుచుకుని, రొమ్ము ఆనించి కూర్చుంటుంది. మా బావమరిది ఆన్‌లైన్‌లో ఎర్ర కప్పు బొమ్మరిల్లు లాంటి గూడు తెప్పించాడు, పదకొండు వేలు! లోపల కర్ర చూస్తే చీపురుపుల్లకి అన్నలా ఉంది. గొళ్లెమైతే పిల్లి పంజాతో తడితేనే ఊడొచ్చింది. ప్లాస్టిక్ పైపు పెట్టమని వీడియోల్లో చెప్పేవాళ్లు ఒక రాత్రి దాని మీద కూర్చుని చూడాలి, ఎలా జారుతుందో.

కోడికో జానెడు చోటు వదలండి. రెండు కర్రలు పెడితే ఒకే ఎత్తులో పెట్టండి. నేను మెట్లలా పెడితే పైమెట్టు కోసం రోజూ పర్లపెట్ట యుద్ధం, కింద కూర్చున్నవాటి వీపుల మీద రెట్టలు. వనరాజా లాంటి బరువు కోళ్లయితే మోకాలెత్తు దాటనివ్వకండి, పైనుంచి దూకి దూకి అరికాళ్లు వాస్తాయి.

మునగ కొమ్మ జోలికి పోకండి. పక్కింటాయన పెట్టాడు. అర్ధరాత్రి ఫట్‌మని విరిగి, ఆరు కోళ్లు ఒకదాని మీద ఒకటి పడి చేసిన గోలకి దొంగలొచ్చారని వీధంతా లేచింది.

మావన్నీ నెలన్నరకి మళ్లీ గూట్లోకొచ్చాయి. ఒక్క నల్లపెట్ట తప్ప. అది ఇప్పటికీ గుమ్మం దాకా వస్తుంది, మెడ చాచి చూస్తుంది, సపోటా చెట్టెక్కేస్తుంది.