ముందు అతుకు, తర్వాతే మందు

పెరంబూరు, చెన్నై

చిరంజీవి శ్రావణికి పెదనాన్న ఆశీస్సులు.

ఆదివారం నువ్వడిగిన ప్రశ్న పప్పుచారు దగ్గరే ఆగిపోయింది. ట్రాకియా, అంటే గాలిగొట్టం, కోసి కుట్టిన చోట గ్రోత్ ఫ్యాక్టర్ (కణాల్ని పెరగమని చెప్పే ప్రొటీన్) పెడితే త్వరగా మానుతుందా, పెడితే ఏది పెట్టాలి అన్నావు. "అన్నాల దగ్గర గొంతులు కోసే మాటలేంటి" అని పెద్దమ్మ ఇద్దర్నీ కసిరింది కదా, అందుకే ఇలా తీరిగ్గా రాస్తున్నాను.

ఏది పెట్టాలన్నది నీ మూడో ప్రశ్న కావాలమ్మా. మొదటిది, అతుకు దాకా రక్తం వస్తోందా? రెండోది, అతుకు మీద లాగుడు ఎంత? ఈ రెండూ చెడితే ఏం పూసినా దండగే.

ఇది నేను ఒక మనిషి మెడ మీద నేర్చుకున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, వెంటిలేటర్ ట్యూబు ఒత్తిడికి ట్రాకియా సన్నబడిపోయిన ఒక కుర్రాడికి ఆపరేషన్ చేశాను. ఇరుకైన ముక్క తీసేశాక రెండు కొసలూ దగ్గరికి రాలేదు. వదులవుతుందని చుట్టూ ఒలిచేశాను. ట్రాకియాకి రక్తం రెండు పక్కల నుంచి చిన్న చిన్న కొమ్మలుగా వస్తుందని పుస్తకంలో చదివిందే, ఆ క్షణాన చేతికి గుర్తు రాలేదు. కుట్లు వేస్తుంటే లోపలి పొర అంచు పాలిపోయి కనిపించింది. చూశాను, కానీ ఆగలేదు. ఆరో రోజు మెడ చర్మం కింద గాలి చేరింది. వేలితో నొక్కితే చిటపటలాడింది. అతుకు విడిపోయిందన్నమాట. కుర్రాడు బతికాడు గానీ, రెండేళ్లు మెడలో ట్యూబుతో తిరిగాడు. అప్పట్నుంచి కోసిన అంచు దగ్గర సెంటీమీటరుకి మించి చుట్టూ ఒలవాలంటే నాకు చెయ్యి ఆడదు.

లాగుడు తగ్గించడానికి గడ్డాన్ని ఛాతీకి కలిపి ఒక కుట్టు వేసి వారం దాకా ఉంచేవాళ్లం. "నేల తప్ప ఏమీ కనపడట్లేదు సార్" అని పేషంట్లు విసుక్కునేవాళ్లు. మోటు పద్ధతే, కానీ ఆ పాత కుట్టు కాపాడినంతమందిని ఏ కొత్త మందూ ఇంకా కాపాడలేదు.

ఇక నీ ఫ్యాక్టర్ల సంగతి. ట్రాకియా గోడని తెరిచి ఉంచే మెత్తటి ఎముకే కార్టిలేజ్. కార్టిలేజ్‌కి సొంత రక్తనాళాలు లేవు, చుట్టూ ఉన్న పొరే దానికి తిండి పెడుతుంది. కాబట్టి కొత్త నాళాలు మొలిపించే వీఈజీఎఫ్, బీఎఫ్‌జీఎఫ్ మీద నీకు మనసు పోవడం సహజమే. కానీ వీఈజీఎఫ్ ఎక్కువైతే నాళాలు కారతాయి, వాపొస్తుంది. కాలి మీద వాపొస్తే దిండు పెట్టుకుని పడుకోవచ్చు. గాలిగొట్టంలో అలా కుదరదు. గాలి సాఫీగా పోతున్నప్పుడు కూడా లోపలి వ్యాసార్థం సగానికి పడితే నిరోధం 16 రెట్లవుతుంది. టీజీఎఫ్ బీటా అనే మరో ఫ్యాక్టర్ ఇంకా గడుసుది. కార్టిలేజ్ కట్టడానికీ పనికొస్తుంది, మచ్చ కట్టి గొట్టాన్ని బిగించడానికీ అదే ముందుంటుంది. స్కోపు పెట్టి చూస్తే అతుకు మీద ఎర్రగా, మెత్తగా లేచిన దుర్మాంసం చాలాసార్లు మానడం ఎక్కువైపోయిన గుర్తే. మనకి కావాల్సింది మానడం, అక్కడితో ఆగడం.

ద్రావణంలా ఇంజెక్ట్ చేసి వదిలేయకు. పారే నీళ్లలో యూరియా చల్లినట్టే. కాసేపటికే కొట్టుకుపోతుంది, లోపల కఫం, దగ్గు ఉండనే ఉన్నాయి. జెలటిన్ జెల్‌లో పట్టించి, బయటి వైపు నుంచి అతుక్కి చుట్టి, కొన్ని రోజులపాటు మెల్లగా వదిలేలా చూడు. దీన్ని కుందేళ్ల మీద పరీక్షించేటప్పుడు స్టూడెంట్లు ఎక్కువగా చేసే తప్పొకటుంది. వట్టి జెల్ చుట్టిన కుందేళ్ల గ్రూపు పెట్టరు. అది లేకపోతే ఫలితం ఫ్యాక్టర్‌దో జెల్‌దో నువ్వే చెప్పలేవు. స్లైడులు చదివేవాళ్లకి ఏది ఏ గ్రూపో తెలియనివ్వకు. నాళాలు ఎన్ని మొలిచాయో లెక్కపెట్టి మురిసిపోకు, లోపలి దారి ఎంత మిగిలిందో కొలువు. కఫం అడ్డుపడి చచ్చిపోయిన కుందేలుని కూడా లెక్కలోంచి తీసేయకు.

కేన్సర్ గడ్డ తీసిన చోటైతే ఇవేవీ దగ్గరికి రానివ్వొద్దు. పెరగమని చెప్పే మందు ఎవరిని పెరగమంటోందో చూసుకోదు.

నీ ప్రొఫెసర్ తొందరపెడితే స్టాక్‌హోమ్ కథ గుర్తు చెయ్యి. 2011లో పావ్లో మకియారిని అనే సర్జన్ ప్లాస్టిక్ ట్రాకియాకి మూలకణాలు పట్టించి, పెరుగుదల మందులు జోడించి మనుషులకి పెట్టాడు. ముందు జంతువుల మీద సరిగ్గా చూసుకోలేదు. పేషంట్లు చనిపోయారు. 2023లో స్వీడన్ అప్పీలు కోర్టు అతనికి రెండున్నరేళ్ల జైలు వేసింది. మన ఊళ్లో జుట్టుకీ మోకాలికీ పీఆర్‌పీ (పేషంటు రక్తంలోంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) బోర్డులు చూసి "ట్రాకియాకి కూడా కొట్టేద్దాం" అనేవాళ్లు నీకు ఎదురవుతారు. ప్లేట్‌లెట్లలో ఈ ఫ్యాక్టర్లున్న మాట నిజమే. వాటిలో ఒకటైన పీడీజీఎఫ్ కలిపిన జెల్‌ని 1997లో అమెరికాలో షుగర్ పేషంట్ల కాలిపుండుకి ఒప్పుకున్నారు కూడా. అయితే కాలిపుండుకి ఒప్పుకున్నది గాలిగొట్టానికి ఒప్పుకున్నట్టు కాదు. మనుషుల దాకా వెళ్తే ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐ (మన దేశపు క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ) రిజిస్ట్రేషన్ అయ్యాకే మొదటి పేషంటు. 2009 జూన్ నుంచి రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

వచ్చే ఆదివారం నీ గ్రూపుల పట్టిక తీసుకురా. పీవీసీ పైపు మీద నీకు కుట్లు కూడా చూపిస్తాను, ముడి బయటికి ఎలా వేయాలో నీ చేత్తో వేద్దువు గాని. ఈసారి భోజనం అయ్యాకే మొదలెడదాం.

మీ పెదనాన్న