చైనా ఫోన్లో ప్లే స్టోర్ లేదా? రామ్ (ROM) జోలికి పోకండి

చైనా నుంచి తెచ్చిన ఫోన్లో ప్లే స్టోర్ లేదు, దాని ఏపీకే (యాప్ ఎక్కించే ఫైలు) వేస్తే తెరుచుకుని వెంటనే మూసుకుపోతోంది, గ్లోబల్ రామ్, అంటే చైనా బయట అమ్మే ఫోన్ల సాఫ్ట్‌వేర్ ఎక్కించాలా అని అడిగారు. వద్దు. రామ్ మార్చాలంటే బూట్‌లోడర్ (ఫోను ఆన్ కాగానే సాఫ్ట్‌వేర్‌ని లేపే భాగం) అన్‌లాక్ చేయాలి. అలాగే ఉంచితే బ్యాంకు యాప్‌లు పేచీ పెడతాయి, గ్లోబల్ రామ్ వేసి తిరిగి లాక్ చేస్తే ఫోను అసలుకే లేవకపోవచ్చు.

మా వదిన కొడుకు చైనాలో ఎంబీబీఎస్ చదివి వస్తూ వాళ్లమ్మకని ఒక ఫోను పట్టుకొచ్చాడు. షాపులో ఒకాయన ఏదో ఎక్కించి డబ్బులు తీసుకున్నాడు. ఇక అప్పట్నుంచీ 'గూగుల్ ప్లే సర్వీసెస్ కీప్స్ స్టాపింగ్' అని తెర మీద ఒకటే డబ్బా. నొక్కితే పోతుంది, వేలు తీసేలోపు మళ్లీ ప్రత్యక్షం. పొయ్యి మీద వంకాయ వేగుతుంటే ఒక చేతిలో అట్లకాడ, రెండో చేత్తో ఆ డబ్బాని నొక్కుతూ కూర్చుంది మా వదిన. "ఎప్పుడు చూసినా ఆగిపోయాను అంటుంది, ఆగితే ఆగింది, నాకు చెప్పడమెందుకే?" అని నా మీద విసుగు.

ప్లే సర్వీసెస్ అంటే గూగుల్ యాప్‌లు నడవడానికి వెనక పనిచేసేది. ఆ షాపాయన ఫోనుకి సరిపడని ప్లే సర్వీసెస్ ఏపీకే వేశాడు. అసలు వేయాల్సిన పనే లేదు. చైనాలో ప్లే స్టోర్ నడవదు కాబట్టి కంపెనీలు స్టోర్ పెట్టవు గానీ, చాలా మోడళ్లలో గూగుల్ సర్వీసులు లోపలే ఉంటాయి. షావోమీ చైనా ఫోన్లలో సెట్టింగ్స్‌లో అకౌంట్స్ అండ్ సింక్‌లోకి వెళ్తే 'బేసిక్ గూగుల్ సర్వీసెస్' అని స్విచ్ ఉంటుంది. వదిన ఫోన్లో ప్లే సర్వీసెస్ అప్‌డేట్లు అన్‌ఇన్‌స్టాల్ చేసి, ఇలాంటి స్విచ్చే ఆన్ చేసి, ఏపీకే మిర్రర్ అనే సైటు నుంచి ప్లే స్టోర్ ఒక్కటే వేశాను. కూర దించేలోపు అయిపోయింది.

మీది 2019 మే తర్వాత వచ్చిన హువావే మోడలైతే మాత్రం ఈ దారి లేదు. అమెరికా ఆంక్షల వల్ల వాటిలో దాదాపు వేటిలోనూ గూగుల్ సర్వీసులే ఉండవు. అప్పట్లో హువావే మేట్ 30 ఫోను కోసం ఎల్‌జెడ్‌ప్లే అని ఒక యాప్ తిరిగింది. ఒక్క నొక్కుతో గూగుల్ మొత్తం వచ్చేసేది. అది ఫోను మీద ఎంత అధికారం తీసుకుంటోందో 2019 అక్టోబరులో జాన్ వూ అనే డెవలపర్ బయటపెట్టాడు, వెంటనే దాని సైటు మాయమైంది. ఇప్పటికీ వీడియోల్లో, మాటా పలుకూ లేకుండా డప్పు సంగీతం పెట్టి, 'వన్ క్లిక్ ఇన్‌స్టాలర్' అంటూ అలాంటివే చూపిస్తుంటారు. ముక్కూ మొహం తెలియని యాప్‌లో మీ జీమెయిల్ పాస్‌వర్డ్ కొడతారా? నేనైతే కొట్టను.

ఇంకోటి, ప్లే స్టోర్ వచ్చాక వాట్సాప్ మెసేజ్‌లు ఆలస్యంగా వస్తున్నాయని మళ్లీ అడుగుతారు. వాట్సాప్‌కి ఆటోస్టార్ట్ ఆన్ చేసి, బ్యాటరీలో 'నో రిస్ట్రిక్షన్స్' పెట్టండి. భాషల జాబితాలో తెలుగు కోసం వెతక్కండి, చైనా రామ్‌లో సాధారణంగా ఉండదు. గూగుల్ కీబోర్డు జీబోర్డ్ వేసుకుంటే టైపింగుకి ఇబ్బంది లేదు.