ఇతివృత్తమా, వస్తువా, థీమా?

సందేహం: మేం నలుగురు ఫ్రెండ్స్ నెలకో ఆదివారం చిక్కడపల్లి లైబ్రరీ దగ్గర కలిసి, ఇరానీ చాయ్ తాగుకుంట పాత పుస్తకాలు మాట్లాడుకుంటం. మొన్న మనుచరిత్ర తీస్కున్నం. "దీని ఇతివృత్తం ఇంద్రియ నిగ్రహం" అని నేనంటే, "ఇతివృత్తం కాదు, వస్తువు అనాలె" అని ఒకాయన, "థీమ్ అంటే అయిపాయె కదా" అని ఇంకొకామె. లొల్లి తెగలేదు. ఎవరు కరెక్ట్? ఇంకోటి, క్లాసిక్‌ని ప్రాచీనం అనొచ్చా?

సమాధానం: ముందు మీ మాటే చూద్దాం. ఇతి అంటే ఇలా, వృత్తం అంటే జరిగింది. వృత్తాంతంలో ఉన్న వృత్తమే ఇది (ఉత్పలమాల చంపకమాలల వృత్తం గుర్తొచ్చి కన్ఫ్యూజ్ అవకండి). అంటే "ఏం జరిగింది?" అని అడిగితే వచ్చే జవాబు ఇతివృత్తం. నాట్యశాస్త్రం దీన్ని నాటకానికి శరీరం అంది.

ఇప్పుడు మనుచరిత్ర మీద పెట్టి చూడండి. ప్రవరుడు సిద్ధుడిచ్చిన పసరు కాళ్లకి రాసుకుని హిమాలయాలకి పోయాడు, మంచుకి అది కరిగిపోయి ఇరుక్కుపోయాడు, వరూధిని అనే అప్సరస వెంటపడితే కాదు పొమ్మని అగ్నిదేవుణ్ణి వేడుకుని ఇల్లు చేరాడు, తర్వాత ఓ గంధర్వుడు అచ్చం ప్రవరుడిలా వచ్చి ఆమెని దక్కించుకున్నాడు, వాళ్లకి స్వరోచి పుట్టాడు, అతని కొడుకే స్వారోచిష మనువు. ఇదీ ఇతివృత్తం. కవి అల్లసాని పెద్దన పెట్టిన పేరు కూడా స్వారోచిష మనుసంభవమే కదా, మనువు పుట్టుక!

ఆరు ఆశ్వాసాల కావ్యంలో ప్రవరుడు సగం కూడా రాకముందే ఇంటికెళ్లిపోతాడు, అయినా మనందరికీ గుర్తుండేది ఆయనే, మీకూ అదే జరిగినట్టుంది. కానీ మిగతా కథ చూడండి, ఆ స్వరోచి ముగ్గుర్ని పెళ్లాడతాడు, పోనీ మనువు వాళ్లకి పుడతాడా అంటే అదీ కాదు, వనదేవతకి పుడతాడు, ఇంక ఇంద్రియ నిగ్రహం ఎక్కడుందండీ? మీరన్నది ఇతివృత్తమూ కాదు, మొత్తం కావ్యానికి థీమూ కాదు, ప్రవరుడి ఘట్టానికి మాత్రం బ్రహ్మాండంగా సరిపోతుంది.

మరి మీ వస్తువు ఫ్రెండ్ గెలిచారా? సగమే. నాటకాల లక్షణాలు చెప్పే పాత గ్రంథం దశరూపకం, రూపకాల్ని, అంటే నాటకాల రకాల్ని, వస్తువు, నేత (నాయకుడు), రసం అనే మూడింటితో వేరుచేసింది, అక్కడ వస్తువంటే కథే, అంటే ఇతివృత్తమే! ఆ లెక్కన మీరిద్దరూ ఒకే మాట కోసం కొట్టుకున్నారు. కానీ ఇప్పటి విమర్శలో వస్తువుకి అర్థం మారింది, "ఈ కథకి వస్తువు వలస జీవితం" అంటే దేని గురించి రాశారో అది. కాబట్టి ఈరోజు రాసేటప్పుడైతే ఆయన మాటే నయం. బయట మాత్రం చిక్కే, హోటల్లో గట్టిగా "వస్తువు బాగుంది" అంటే పక్క టేబుల్ వాళ్లు ఏ నెక్లెసో అనుకుంటారు.

పేపర్లలో "ఈ ఏడాది దినోత్సవ ఇతివృత్తం" అని రాస్తుంటారు, ఆ వాడుక పాతుకుపోయింది, తప్పని నేను కొట్టేయను. కథల దగ్గర మాత్రం ఒప్పుకోను, అక్కడ రెండు మాటలూ విడివిడిగా కావాలి మనకి. జవాబు "వెళ్లాడు, చిక్కాడు, చేరాడు" అని క్రియల మీద నడిస్తే ఇతివృత్తం, "మోహం", "వలస" అని ఒక్క మాట మీద ఆగితే వస్తువు. మాట్లాడుకునేటప్పుడు థీమ్ అనండి, ఏం ఫర్లేదు, నేనూ అదే అంటా.

క్లాసిక్ సంగతి. 2008లో కేంద్రం తెలుగుకి ఇచ్చిన "క్లాసికల్" హోదాని మనం ప్రాచీన భాష హోదా అనేశాం కదా, అందుకని క్లాసిక్ అనగానే ప్రాచీనం నోటికొచ్చేస్తుంది. కన్యాశుల్కం అచ్చయింది 1897లో, క్లాసిక్ కాదనే దమ్ము ఎవరికీ లేదు, ప్రాచీనం అంటే మాత్రం గిరీశమే నవ్వుతాడు. మనుచరిత్రకి రెండూ చెల్లుతాయి. వచ్చే నెల మీరు కన్యాశుల్కం తీసుకుంటే క్లాసిక్ అనే అనుకోండి.