సమాధానం: ఉపవాసాలున్నా తమ్ముడి మీద పంతం పోవట్లేదు

గట్టు గొడవతో కందుకూరులో ఉన్న తమ్ముడితో మాటల్లేవని, "నేను" అనే అహం తగ్గాలని శుక్రవారాలు ఉపవాసమున్నా పంతం పోవట్లేదని అడిగారు. తమ్ముడే ముందు రావాలని ఎదురుచూడటమే అసలు అడ్డం, బ్రదర్. ఆ పంతం ఉన్నంతకాలం ఎన్ని శుక్రవారాలు ఉపవాసమున్నా "నేను" తగ్గదు.

1. బైబిల్లో మత్తయి 5:23-24 నిదానంగా చదవండి. కానుక బలిపీఠం దగ్గరే వదిలి, ముందు సహోదరుడితో సమాధానపడమంది. చాలామంది దాటేసేది ఇదే. తప్పెవరిదని అక్కడ అడగలేదు. అతనికి మీమీద ఏదైనా ఉంటే చాలు, కదలాల్సింది మీరే.

2. ఆదివారం ఆరాధనకు ముందే కందుకూరు వెళ్లండి, ఒంటరిగా. పెద్దమనుషులొస్తే పంచాయితీ అవుతుంది.

3. మీ తప్పే చెప్పండి. "నువ్వు కూడా" అన్నారా, మళ్లీ మొదటికే.

4. పొలం గట్టు మీరు జరిపుంటే కొలిపించి వెనక్కివ్వండి. పన్నులు వసూలు చేసే జక్కయ్య, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8).

ఇదంతా సంఘం ముందు సాక్ష్యంలో చెప్పకండి, మెప్పు కోసం "నేను" మళ్లీ లేస్తుంది. తమ్ముడు మాట్లాడకపోయినా అతని కోసం రోజూ ప్రార్థించండి.