ఎవరి కవరూ విప్పకు

విజయవాడ
గురువారం రాత్రి

చిన్నీ,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసి నీ కొత్తింటి కబుర్లన్నీ చెప్పింది. నల్లకుంటలో మేడమీద వాటా దొరికిందనీ, నాలుగు వాటాలకీ కలిపి గేటు పక్కన ఉన్న చెత్తడబ్బాలు పొంగిపోతుంటే నువ్వే ఇంటివాళ్ళతో మాట్లాడి, తడిచెత్తకి ఆకుపచ్చదీ పొడిచెత్తకి నీలందీ కొత్తవి కొనిపించావనీ, ఇకమీదట ఆ సంగతి నేను చూసుకుంటానని నలుగురిలో అన్నావనీ. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ఇరవై ఆరేళ్ళ పిల్ల, అద్దెకి దిగి నెల తిరక్కుండానే పదిమంది పని నెత్తినేసుకుంది.

ఆ వెనకే మీ అమ్మ ఇంకో మాట చెప్పింది. కిందింటివాళ్ళు తడీ పొడీ కలిపేస్తున్నారని వాళ్ళ కవరు విప్పి, లోపలున్నవి ఫొటో తీశావట. ఆదివారం వాట్సాప్ గ్రూపులో పెడతావట. అది విన్నప్పటినుంచీ నాకు నిద్ర లేదు. శనివారం పొద్దున బండికి మీ నాన్న వస్తున్నాడు కదా, ఈ ఉత్తరం ఆయన చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్లోనే చెప్పొచ్చు, కానీ నువ్వు నన్ను మధ్యలోనే ఆపేస్తావు. ఇది ఆపకుండా చదవాల్సిన సంగతి.

మామూలు విషయాలు నీకు తెలిసినవే, గబగబా రాసేస్తాను. తడిచెత్త కవరు కారకుండా డబ్బాలో పెట్టుకుని మెట్లు దిగు, మెట్లమీద పడ్డ ఒక్క చుక్కే నాలుగిళ్ళ తగువు. పాల ప్యాకెట్లు కడిగి ఆరేసి పాతపేపర్లవాడికి ఇవ్వు. డబ్బా మూత పడనంత నింపకు. పిల్లల డైపర్లూ, ఆడవాళ్ళవీ పేపర్లో చుట్టి విడిగా ఇవ్వాలి. ఇక్కడ మాకు వాటికోసం ఎర్రడబ్బా కూడా ఇచ్చారు, మీకు లేకపోతే చెత్తబండి అమ్మాయి చేతికిచ్చి చెప్పు. ఆకులూ చెత్తా పోగేసి తగలబెట్టడం తప్పని 2016లో వచ్చిన చెత్త నిబంధనల్లోనే రాశారు, ఇంటాయన శీతాకాలంలో మంటేస్తానంటే మెల్లగా చెప్పు. ఇంట్లో వ్రతమో పుట్టినరోజో అయి యాభై విస్తళ్ళు లేచిన రోజున అవన్నీ ఉమ్మడి డబ్బాలో కుక్కకూడదు. ముందురోజే మిగతా వాటాలవాళ్ళకి ఒక మాట చెప్పి, మర్నాడు నేరుగా బండికి అందించాలి.

గాజుపెంకులూ సూదుల దగ్గర మాత్రం నేను గబగబా రాయలేను. మీ పెదనాన్నకి ఇన్సులిన్ మొదలుపెట్టిన కొత్తలో సూదులు అలాగే కవర్లో వేసేదాన్ని. ఒకరోజు బండి అమ్మాయి సూది గుచ్చుకున్న అరచెయ్యి చూపించింది. అది నేను పారేసిన సూదో ఇంకొకరిదో తెలీదు, అయినా ఆ చెయ్యి ఇప్పటికీ కళ్ళముందే ఉంది. వాళ్ళు చేతులతోనే కెలికి వేరుచేస్తారమ్మా, గ్లౌజులు ఇచ్చినా ఎండకి చెమటపట్టి తీసేస్తారు. ఇప్పుడు సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, మూత బిగించి, మీ పెదనాన్న చూపించుకునే ఆస్పత్రిలోనే ఇచ్చొస్తాను. గ్లాసు పగిలితే పెంకులు అట్టముక్కలో పెట్టి, పైన నాలుగు పొరల పేపరు చుట్టి, దారం కట్టి, పెన్నుతో 'గాజు' అని రాయి. దీన్లో మాత్రం బద్ధకించావంటే నేనొచ్చి నిన్ను తిడతాను.

ఇక అసలు సంగతి.

1994లో మేం సత్యనారాయణపురంలో నాలుగు వాటాల ఇంట్లో ఉండేవాళ్ళం. నువ్వింకా పుట్టలేదు. ఇంటివాళ్ళు ముందువాటాలో, మేం మేడమీద, పక్కన ఒక బ్యాంకు గుమాస్తా కుటుంబం, వెనకవాటాలో ఒక పిన్నిగారు, ఆవిడ కూతురు. పిన్నిగారి భర్త పోయి మూడేళ్ళయింది, ఆవిడ జాకెట్లు కుట్టేది. కూతురు డిగ్రీ రెండో సంవత్సరం. ఇంటివాళ్ళు శాకాహారులు. గుడ్డు కూడా ఇంట్లోకి తేమని మాట తీసుకునే మా అందరికీ అద్దెకిచ్చారు. చెత్తకి మెట్లకింద ఒక ప్లాస్టిక్ డ్రమ్ము. నాలుగు వాటాలం తలో పదిహేను రూపాయలూ వేసుకుని కొన్నాం, పిన్నిగారు తన వంతు తర్వాత ఇస్తానంది. వారానికొకరం దాన్ని వీధి చివరున్న సిమెంటు కుండీలో బోర్లించి రావాలి.

ఆ ఏడు సెప్టెంబరులో సూరత్‌లో ప్లేగు వచ్చింది. ఆ రోజులెలా ఉండేవో నీకు ఊహకందదు. లక్షలమంది ఆ ఊరొదిలి పారిపోయారు. టెట్రాసైక్లిన్ బిళ్ళల కోసం ఢిల్లీలో మందుల షాపుల మీద పడ్డారని పేపర్లో రాశారు. అక్కడి మరమగ్గాల మీద పనిచేసే మన తెలుగువాళ్ళు బోలెడుమంది కాబట్టి, ఆ భయం మనకి ఎక్కడో దూరాన ఉన్నది కాదు. ఊపిరితిత్తులకి పట్టే ప్లేగన్నారు, చెత్త పేరుకుంటే ఎలకలు, ఎలకలుంటే జబ్బు అన్నారు. ఎవరైనా దగ్గితే పక్కవాళ్ళు జరిగి కూర్చునేవాళ్ళు. ఆ వెనకవాటా అమ్మాయి అప్పటికి రెండు నెలలుగా దగ్గుతోంది.

ఒకరోజు పొద్దున ఇంటామె డ్రమ్ములో గుడ్డు పెంకులు చూసింది. సరాసరి మేడెక్కి వచ్చింది. "మీరే కదమ్మా, ఇంకెవరు తింటారు?" అంది, మా పిల్లలిద్దరి ముందే. మాట తప్పానని అంటే నేను ఓర్చుకోలేకపోయాను. గుడ్డు తినాలనిపిస్తే మా అక్క ఇంటికి వెళ్ళి తినొచ్చేవాళ్ళం, అంత నియమంగా ఉన్నాం. కోపంతో కాళ్ళు వణుకుతూ కిందికి దిగి, డ్రమ్ములోంచి ఆ కవరు తీసి వాకిట్లో ముగ్గు పక్కనే బోర్లించాను. ఎవరిదో తేల్చాలని.

జాకెట్టు గుడ్డ పీలికలు పడ్డాయి. అంటే వెనకవాటాది. గుడ్డు పెంకులు పడ్డాయి, ఎవరికీ కనపడకుండా పేపర్లో పొట్లం కట్టి ఉన్నాయి. వాటితోపాటు ఖాళీ మందు అట్టలు పడ్డాయి. అవి నేను చూసినవే, మా చిన్న మేనమామ ఆర్నెల్లు మింగిన ఎర్ర గొట్టాలవి. అక్కడితో నోరు మూసుకుని ఉంటే ఎంత బాగుండేది. నలుగురూ చూస్తుండగా నేను పైకే అనేశాను, "ఇది క్షయ మందు కదా" అని.

నేను గెలిచాను చిన్నీ. ఇంటామె నన్ను క్షమించమంది. గుమాస్తాగారి భార్య పిల్లల్ని లోపలికి లాగి తలుపేసుకుంది. పిన్నిగారు వచ్చి ఒక్క మాట అనకుండా, కింద కూర్చుని, ఆ పెంకులూ అట్టలూ చేత్తోనే ఏరుకుంది. ఆవిడ వేళ్ళు ముగ్గుమీద ఆనుతున్నాయని కొంగు ఎత్తిపట్టుకుని మరీ ఏరింది. అమ్మాయి తలుపు సందులోంచి చూస్తోంది.

డాక్టరు రోజుకో గుడ్డు పెట్టమన్నాడట. మందు వేడి తట్టుకోవాలంటే బలం కావాలన్నాడట. గదిలో కిటికీ మూసి, కిరసనాయిలు స్టవ్వు మీద ఉడికించి, పెంకులు పొట్లం కట్టి పారేసేది ఆ తల్లి. అదే సమయంలో ఎక్కడో సంబంధం కూడా నడుస్తోందట. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. ఇంటివాళ్ళు పది రోజుల గడువిచ్చారు. ప్లేగు రోజుల్లో దగ్గే పిల్లని ఎవరుంచుకుంటారు? మందు సరిగ్గా పడ్డాక కొన్ని వారాలకే ఆ జబ్బు ఇంకొకరికి అంటుకునే భయం చాలావరకు పోతుందని, మందు అట్టలవల్లా గుడ్డు పెంకులవల్లా అసలు రాదని మా మేనమామకి మందిచ్చిన డాక్టరే నాకు చెప్పి ఉన్నాడు. తెలిసి కూడా ఆ పది రోజుల్లో నేను ఇంటామె దగ్గరికి వెళ్ళి ఆ ముక్క చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఉండిపోయాను. కవరు విప్పడం కోపంలో చేశానని సరిపెట్టుకోవచ్చు, ఈ ఊరుకోవడానికి ఏం చెప్పుకోను?

వాళ్ళు వెళ్ళిన రోజు నేను తలుపు తియ్యలేదు. బండి కదిలాక కిందికొచ్చి చూస్తే మా మెట్ల కిటికీ గట్టుమీద పదిహేను రూపాయలు, గాలికి ఎగరకుండా పైన ఒక దారపు రీలు. డ్రమ్ములో ఆవిడ వంతు.

ఆ అమ్మాయి ఏమైందో తెలీదు. ఇప్పుడు యాభై ఏళ్ళ దరిదాపుల్లో ఉంటుంది. బస్టాండులో ఆ వయసు మనిషి దగ్గితే ఇప్పటికీ తిరిగి చూస్తాను.

అందుకే నీ ఫొటో మాట వినగానే నాకు చెయ్యీ కాలూ ఆడలేదు. నీ కళ్ళు చిన్నప్పటినుంచీ చురుకు. బంతి భోజనాల్లో ఎవరు వంకాయ కూర విస్తరి మడతలో దాచారో కనిపెట్టి, పెదనాన్నా ఇదిగో అని వేలు చూపించేదానివి. అందరం నవ్వేవాళ్ళం. నేనూ నవ్వాను, అప్పుడే ఒక మాట చెప్పాల్సింది. మనిషి చెత్తలో ఏముంటుందో ఆలోచించు తల్లీ. మందులుంటాయి, అప్పులవాళ్ళ కాగితాలుంటాయి, భర్త తాగిన సీసాలుంటాయి, గర్భం వచ్చిందో రాలేదో చూసుకునే పుల్లలుంటాయి. గడప లోపల దాచుకున్నదంతా ఆ కవర్లో బయటికొస్తుంది. నలుగురి డబ్బా ఒకటే అయినప్పుడు నలుగురూ ఒకరినొకరు నమ్మి ముడేసి వేస్తారు. ఆ ముడి విప్పే హక్కు నీకు లేదు, డబ్బా కొనిపించింది నువ్వే అయినా సరే.

మరి తడీ పొడీ కలిపేస్తే ఊరుకోవాలా అని అడుగుతావు. ఊరుకోవద్దు. ఆ ఇంటికి వెళ్ళి కూర్చో. మీ అమ్మ చెప్పినదాన్నిబట్టి అక్కడ మంచంలో ఒక ముసలాయనా, చంటిపిల్లా ఉన్నారు. పొద్దున ఏడుకి బండి వచ్చే వేళకి ఆ ఇల్లాలికి ఎన్ని చేతులు కావాలి? ఏం వీలవటంలేదో ఆవిడనే అడుగు. వంటింట్లో రెండో బుట్టకి చోటు లేకపోయుండొచ్చు. నీ దగ్గరున్న పాత బకెట్టొకటి ఇచ్చి రా. గ్రూపులో రాయాలనుకుంటే ఏ ఇంటి పేరూ లేకుండా, బండి అమ్మాయికి ఏం ఇబ్బందవుతోందో రాయి. ముందు నీ కవరు సరిగ్గా ఉంటే చూసేవాళ్ళు చూస్తారు.

వంతుల సంగతి కూడా. ఎవరింట్లో పరీక్షలున్నా, పురుడున్నా, చావున్నా వాళ్ళ వారం నువ్వు తీసుకో, తీసుకున్నానని చెప్పకు. మీ ముందువాటా మామ్మగారు దీపం పెట్టాక ఇంట్లోంచి చెత్త బయటికి పంపరు, లక్ష్మి వెళ్ళిపోతుందని. ఆవిడతో వాదించకు, ఆవిడ కవరు పొద్దున నువ్వే తీసుకెళ్ళు. పూజ పూలూ, వినాయకచవితి పత్రీ ఎంగిలి మెతుకులతో కలిస్తే చాలామంది మనసు నొచ్చుకుంటుంది. వాటికి విడిగా ఒక చిన్న బుట్ట పెట్టి చెట్టు మొదట్లో వెయ్యండి. డబ్బాలు కడిగే పని మొదటి నెల నువ్వే చెయ్యి. దసరా మామూలు నలుగురి దగ్గరా పోగుచేసి ఒకేసారి ఇవ్వు, ఎవరెంత వేశారో నీ నోట రాకూడదు. ఎండాకాలంలో బండి అమ్మాయికి మంచినీళ్ళిస్తావుగా, మనం తాగే గ్లాసుతోనే ఇవ్వు.

మీ నాన్న సంచిలో గోంగూర పచ్చడి రెండు సీసాలు పెట్టాను. ఒకటి నీకు, రెండోది కిందింటావిడకి. శనివారం సాయంత్రమే పట్టుకెళ్ళు. వెళ్ళేముందు ఆ ఫొటో ఫోన్లోంచి తీసెయ్, చెరిపేసినవి కొన్నాళ్ళు దాచిపెట్టే చోటు ఒకటి ఉంటుందట, అక్కడినుంచి కూడా తీసెయ్. తీసేశాక నాకు ఫోన్ చెయ్యి. రాత్రి ఎంతైనా పరవాలేదు, మెలకువగానే ఉంటాను.

మీ పెద్దమ్మ